మూడు తెల్ల వైర్లు

వెర్లిన్ ఓస్ట్‌బీ తన విమానాన్ని తనే కట్టుకున్నాడు. పెద్ద విమానమేం కాదు, పక్కపక్కన ఇద్దరు కూర్చునేది. అయినా తొమ్మిదేళ్ళు పట్టింది. రేకుల్ని కలిపి బిగించే రివెట్లే పదకొండు వేలు. ఒక్కో రివెట్టుకీ ఇవతల అతను దాన్ని కొట్టే గన్ను పట్టుకుంటే, అవతల ఇనప దిమ్మ అదిమిపెట్టి భార్య అర్డిస్ నిలబడింది. ఆ చప్పుడుకి ఇద్దరికీ చెవులు సగం పోయాయి. పోతే పోనీ, ఇక ఒకరి సణుగుడు ఒకరికి వినపడదు అని నవ్వుకున్నారు.

అంతా అయ్యాక ప్రభుత్వం తరఫు మనిషి వచ్చి ఒక పూటంతా టార్చిలైటు వేసి చూశాడు. తొమ్మిదేళ్ళ ఫొటోలూ, రోజువారీ రాసుకున్న పుస్తకాలూ తిరగేశాడు. సగానికి పైగా నువ్వే కట్టావని తేలింది కాబట్టి దీన్ని విప్పే హక్కూ, బాగుచేసుకునే హక్కూ నీవేనని కాగితం ఇచ్చి వెళ్ళాడు. అంటే వెర్లిన్ కావాలంటే ఇంజను పీకి బల్ల మీద పెట్టుకోవచ్చు. రెక్క ఊడదీసి మళ్ళీ తగిలించుకుని, దాన్నే నమ్ముకుని ఐదు వేల అడుగుల ఎత్తుకి పోవచ్చు. ఎవరూ అడగరు. కానీ నడిపేవాడి ఎదురుగా మీటర్లూ స్విచ్‌లూ ఉండే ప్యానెల్ నడిమధ్యన అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది, దారి చూపే పెట్టె. దానికున్న నాలుగు మరలు మాత్రం అతను బిగించకూడదు. వద్దన్నది ప్రభుత్వం కాదు, ఆ పెట్టె తయారుచేసే కంపెనీ. డీలరే అమ్మాలి, డీలరే తన షాపులో బిగించాలి, బిగించానని డీలరు సంతకం పెట్టి పంపితేనే ఆ పెట్టె పనిచేయడం మొదలుపెడుతుంది. ఇదీ వాళ్ళ రూలు. రెక్కల విషయంలో నమ్మిన మనిషిని నాలుగు మరల దగ్గర నమ్మకపోవడం ఏం న్యాయమో, ఆ కంపెనీలో కూర్చున్న మహానుభావులకే తెలియాలి.

ఆ పెట్టె లేకపోయినా విమానం ఎగురుతుంది. వెర్లినే ఎగరడు. అర్డిస్‌కి మాటిచ్చాడు.

అర్డిస్ అన్న లొవెల్ నలభై ఏళ్ళ కిందట ఇలాంటి చిన్న విమానంలోనే బయల్దేరి, మబ్బుల్లో చిక్కుకుని, ఏది పైనో ఏది కిందో తెలియక సరస్సు అవతల చిత్తడి నేలలో కూలిపోయాడు. మూడు రోజులకి గాని దొరకలేదు. ఈ పెట్టెకి ఒక నీలం బొత్తాం ఉంది. దిక్కు తోచని మనిషి దాన్ని నొక్కితే చాలు, విమానం తనంతట తనే ఒరగడం మానేసి తిన్నగా సాగుతుంది. అర్డిస్ పట్టుబట్టి ఆ పెట్టెనే ఎంచుకుంది, దానికి సరిపడేలాగే వైర్లు వేసింది. "ఆ నీలం బొత్తాం ఉంటేనే నువ్వు నేల విడవాలి. లేకుండా ఎగిరావో, నువ్వు చచ్చి పైకొచ్చాక కూడా నీతో మాట్లాడను, చెప్తున్నా" అంది. అప్పటికే డాక్టర్లు ఆమె సంగతి తేల్చి చెప్పేశారు.

విమానంలో వైర్ల పనంతా ఆమెదే. అర్డిస్ ముప్పై ఒక్కేళ్ళు పొలం యంత్రాల ఫ్యాక్టరీలో వైర్ల కట్టలు కట్టింది. మొత్తం అరవై నాలుగు వైర్లు. అన్నీ తెల్లవే, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని రంగుతో గుర్తుపట్టేందుకు లేదు. ఒక్కోదాని చివర చిన్న తొడుగు, దాని మీద ఆమె చేతిరాతతో అంకె. ఏ అంకె ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో పెద్ద కాగితం మీద గీసుకుంది. కసాయి కొట్లో మాంసం చుట్టే గోధుమరంగు కాగితం అది, ఎనిమిది మడతలు. వైర్లన్నిటినీ ఒక్క కట్టగా చేసి, మైనం పట్టించిన దారంతో బొటనవేలు వెడల్పుకి ఒకటి చొప్పున ముడి వేసుకుంటూ పోయింది. ఈ రోజుల్లో అందరూ ప్లాస్టిక్ ట్యాగు బిగించి చేతులు దులుపుకుంటారు. ఆమెకి ప్లాస్టిక్ గిట్టదు. ఒంట్లోకి మందులు ఎక్కించుకొచ్చిన రోజుల్లో కూడా బోడి తలకి ఉన్ని టోపీ పెట్టుకుని, షెడ్డులో హీటరు పక్కన కూర్చుని ముడులు వేసింది. వెర్లిన్‌ని దగ్గరికి రానిచ్చేది కాదు. "నువ్వెళ్ళి ఇంకేదన్నా పాడుచేసుకో, పో" అనేది.

ఆఖరి ముడి వేసి దారం పళ్ళతో కొరికిన రోజున అతన్ని పిలిచింది. "ఎలా ఉంది?" అంది.

వెర్లిన్ వంగి చూశాడు. నడుం పట్టేసింది. నలభయ్యో ఏట ధాన్యం గోదాము నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి అతనికి నడుం నొప్పి, చలి పడితే మరీనూ. చలికాలమంతా అర్డిస్ గోధుమలు నింపిన గుడ్డ సంచి వేడిచేసి అతని వీపు వెనక పెట్టేది. నడుం పట్టుకునే చాలాసేపు చూశాడు. తన జన్మలో అంత అందమైన పని చూడలేదని అతనికి తెలుసు.

"ఫర్వాలేదు" అన్నాడు.

ఆ జిల్లాలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. పెళ్ళికూతుర్ని చూసినా ఫర్వాలేదే, ఎకరానికి యాభై బస్తాల మొక్కజొన్న పండినా ఫర్వాలేదే.

"ఒక్కసారి బాగుందంటే నీ సొమ్మేం పోయింది?" అంది అర్డిస్.

"బాగోపోతే ఫర్వాలేదని ఎందుకంటా?"

ఆమె నవ్వి, అతని తల మీద చిన్నగా మొట్టింది. రెండు వారాలకి పోయింది.

*

డీలరు దగ్గర పేరు రాయించుకున్న పద్నాలుగు నెలలకి వెర్లిన్ వంతు వచ్చింది. అక్టోబరు చివర, మొక్కజొన్న కోతలు అయిపోతున్న రోజుల్లో, విమానాన్ని ఒకసారి చూసి పోవడానికి డీలరు నోలన్ స్టాడ్ ఊరి రన్‌వే పక్కనున్న షెడ్డుకి వచ్చాడు. చుట్టుపక్కల నాలుగు జిల్లాలకి ఆ పెట్టెలకి అతనొక్కడే డీలరు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పక్క షెడ్డు గార్లండ్ కూడా కాఫీ కప్పు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. గార్లండ్‌కి పాడి పశువులుండేవి. అవి అమ్మేశాక వెర్లిన్‌ని వేళాకోళం చేయడమే పనిగా పెట్టుకున్నాడు.

నోలన్ వెల్లకిలా పడుకుని తల ప్యానెల్ కిందికి దూర్చాడు. ఎంతకీ లేవడు.

"చచ్చాడా ఏంట్రా?" అన్నాడు గార్లండ్.

"ఎవరు కట్టారండీ దీన్ని?" అని ప్యానెల్ కింద్నించి గొంతు వినపడింది.

"మా ఆవిడ" అన్నాడు వెర్లిన్.

"ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. ఇలాంటి కట్ట చూళ్ళేదు. ప్రతి ముడీ ఒక్కవైపుకే తిరిగుంది. ఆవిడ్ని ఒకసారి కలవొచ్చాండీ?"

గార్లండ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"కిందటేడు మార్చిలో పోయింది" అన్నాడు వెర్లిన్.

నోలన్ బయటికి వచ్చి టోపీ తీసేశాడు. కాసేపు టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడి, చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. "వెర్లిన్ గారూ, ఏమనుకోకండి. వేరేవాళ్ళు వేసిన వైర్లకి నేను ఈ పెట్టె తగిలించకూడదు. ఉన్న కట్ట మొత్తం తీసేసి, మా షాపులో కొత్తది వేసి బిగించాలి. కంపెనీ రూలు. తప్పితే నా డీలర్షిప్ ఊడుతుంది."

"తీసెయ్యడం అంటే?"

"కోసి తియ్యాలండీ. ముడులన్నీ కోస్తే గాని వైర్లు బయటికి రావు."

 గార్లండే అందుకున్నాడు. "ఇప్పుడేగా ఇలాంటిది చూళ్ళేదన్నావు? ఎప్పుడూ చూడనంత బావుంటే కోసేస్తావా? మీ కంపెనీ వాళ్ళ పెళ్ళాలకి చేతుల్లేవా ఏంటి?"

"అన్నా, రూలు నేను రాయలేదు" అన్నాడు నోలన్. మళ్ళీ వెర్లిన్ వైపు తిరిగాడు. "ఒక్క దారుంది. ఈ వైర్లు వేసినావిడ గీసుకున్న కాగితం ఉండే ఉంటుంది. ఇంత పని చేసిన మనిషి గీసుకోకుండా ఉండదు. ఏ వైరు ఎక్కణ్ణించి ఎక్కడికో అందులో ఉంటే, ఒక్కోటీ పరీక్ష చేసి, కట్ట కట్టలాగే ఉంచేసి పెట్టె పెట్టొచ్చు. దానికి కంపెనీ ఒప్పుకుంటుంది. ఆ కాగితం ఇవ్వండి చాలు."

వెర్లిన్ షెడ్డు గోడ వైపు చూశాడు. ఆ కాగితం వేలాడిన మేకు అక్కడే ఉంది.

"లేదు" అన్నాడు.

"ఎక్కడన్నా పెట్టి మర్చిపోయారేమో చూడండి."

"ఎక్కడుందో తెలుసు. తియ్యడానికి కుదరదు."

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. శవపేటిక మూసే ముందు అయినవాళ్ళు పోయినవాళ్ళ పక్కన ఏదో ఒకటి ఉంచుతారు. గాలం వేసేవాడికి ఇష్టమైన గాలం, రైతుకి విత్తనాల కంపెనీ టోపీ. అర్డిస్ పక్కన ఆమె చెల్లెలు ఊలు ఉండ పెట్టింది. వెర్లిన్ షెడ్డుకి వెళ్ళి, మేకుకి ఉన్న కాగితం తీసి, ఎనిమిది మడతలూ అలాగే ఉంచి, ఆమె చేతుల కింద పెట్టాడు. విప్పి చూడలేదు. ఆ చేతిరాత చూస్తే అక్కడే కూలబడిపోతానని భయపడ్డాడు. ఆమె చేసిన అన్నిటికంటే గొప్ప పని ఆమెతోనే ఉండాలని మాత్రం అనుకున్నాడు. ఆ రోజు చర్చి కింద గదిలో అందరూ హామ్ శాండ్‌విచ్లూ, నిమ్మకాయ కేకు ముక్కలూ తింటూ, మంచి పని చేశావు వెర్లిన్, అర్డిస్‌కి నచ్చేది అన్నారు. అతనికీ అలాగే అనిపించింది.

సంగతి విన్న నోలన్ ఆ ఖాళీ మేకు వైపే చూశాడు. చివరికి, "మీరే మళ్ళీ గీయండి. ప్రతి వైరూ మీటరు పెట్టి వెతికి, ఎక్కణ్ణించి ఎక్కడికో రాయండి. విమానం కట్టింది మీరు కాబట్టి మీరు గీసిందీ చెల్లుతుంది. డిసెంబరు మొదటి వారం దాకా మీ చోటు ఆపుతా" అన్నాడు.

*

నవంబరంతా వెర్లిన్, గార్లండ్ వైర్ల వెంట పడ్డారు. వెర్లిన్ ప్యానెల్ కింద పడుకుని ఒక చివర మీటరు ముల్లు ఆనిస్తే, గార్లండ్ తోక దగ్గరో రెక్క దగ్గరో రెండో ముల్లు పట్టుకుని ఒక్కో చివరా తాకించుకుంటూ పోయేవాడు. సరైనది తగిలితే మీటరు కూసేది. కూయగానే గార్లండ్ కూడా కూసేవాడు.

"పదిహేడు దొరికింది రా! తోక దీపం!"

"అరవకు. సగం చెవుడే గానీ పూర్తిగా పోలేదు."

"నీ బతుక్కి ఇంకేం అరుపులున్నాయి, నన్ను అరవనీ."

నేల మీద పడుకోవడం వెర్లిన్ నడుముకి నరకం. లేచేటప్పుడు గార్లండ్ చేయిచ్చి లాగాల్సొచ్చేది. అయినా ఆ నెల రోజులూ అతనికి ఏదో ఒక రకమైన సుఖం. టార్చిలైటు వెలుతురులో ఆమె ముడులు ముఖానికి జానెడు ఎత్తులో ఉండేవి. ఒక చోట, రెండు ముడుల మధ్య, ఆమె ఉన్ని టోపీ పోగు ఒకటి చిక్కుకుని ఉంది. ఎర్రది. దాన్ని ముట్టుకోలేదు.

నెలాఖరుకి అరవై ఒక్క వైర్లు దొరికాయి. మిగిలినవి మూడు. అరవై రెండు, అరవై మూడు, అరవై నాలుగు. ప్యానెల్ ఎడమ అంచున, కింద, పేరు రాయని స్విచ్ ఒకటి ఉంది. ముందుముందు దేనికైనా పనికొస్తుందని విమానాలు కట్టుకునేవాళ్ళు ఇలాంటివి ఒకటో రెండో వదులుతారు. ఆ మూడు వైర్లూ ఆ స్విచ్ దగ్గర బయల్దేరి, కట్టతో పాటే కొంత దూరం నడిచి, సీట్ల ముందున్న నేల పలక కిందికి దూరి మాయమయ్యాయి. ఎక్కడ తాకించినా మీటరు కూయలేదు.

"పలక తీసి చూద్దాం" అన్నాడు గార్లండ్. "నలభై రివెట్లేగా. పొద్దున మొదలెడితే భోజనాల వేళకి అయిపోద్ది."

"వద్దు."

"ఏం?"

వెర్లిన్ వంగి ఆ రివెట్ల వరస మీద వేలు పెట్టి రాశాడు. వరస కొంచెం వంకరగా పోయింది. అవి అర్డిస్ దిమ్మ పట్టిన ఆఖరి రివెట్లు. అప్పటికే చేతుల్లో బలం లేదు. దిమ్మ జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని, "కొట్టు, కొట్టు, పట్టుకునే ఉన్నా" అంది. పది కొట్టగానే కూర్చుండిపోయేది. నలభై రివెట్లకి నాలుగు రోజులు పట్టింది.

"ఇవి తియ్యను" అన్నాడు.

"మరి ఆ మూడింటికీ ఏం రాస్తావు?"

"కింద చుట్టేసి వదిలేసుంటుంది. ఎప్పుడైనా పనికొస్తాయని."

"అర్డిసా?" గార్లండ్ ఎగతాళి మానేసి చూశాడు. "ఒరేయ్, ఆవిడ చొక్కా గుండీ కుట్టినా రెండుసార్లు లాగి చూసేది. వైర్లు ఊరికే వదిలేస్తుందా? రాసే ముందు ఒకసారి చూడరా."

"అప్పటికి మందుల మత్తులో ఉండేది, గార్లండ్. పొరపాటు పడుండొచ్చు."

అన్నాడే గాని, అంటుంటేనే నోరు చేదైంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆమె పనిలో పొరపాటు అతనెప్పుడూ చూడలేదు. అయినా పెన్ను తీసుకుని ఆ మూడు అంకెల ఎదురుగా, వాడుకలో లేవు, అని రాశాడు.

*

డిసెంబరు మొదటి వారంలో రెక్కలు విప్పి, విమానాన్ని ట్రైలరు మీద నోలన్ షాపుకి చేర్చారు. నోలన్ వెర్లిన్ గీసిన కాగితాన్ని బల్ల మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకుంటూ వచ్చాడు. అరవై ఒకటి దాకా తల ఊపుతూనే ఉన్నాడు. తర్వాత వేలు ఆగింది.

"ఇవి?"

"వాడుకలో లేవు. ఊరికే ఉన్నాయి."

నోలన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "వాడుకలో లేని వైర్లున్న కట్టకి పెట్టె తగిలించకూడదండీ. అదీ రూలే. అవతల చివర ఎక్కడ దేనికి తగిలి నిప్పంటుకుంటుందో తెలీదు కదా. వీటికి నేను సంతకం పెట్టలేను."

"మూడంటే మూడే నోలన్. అరవై ఒకటి సరిగ్గా ఉన్నాయి కదా." వెర్లిన్ కాగితం మీద అరచేయి ఆనించాడు. అతను ఎవరినీ బతిమాలిన మనిషి కాదు. "నువ్వే అన్నావు, ఇలాంటి కట్ట చూళ్ళేదని. ఆ మూడూ పలక దగ్గరికి కోసెయ్. మిగతాది ఉంచు. నీకు దణ్ణం పెడతా."

"కోసినా, పలక తీసినా కట్ట లోపల ముక్కలు ఉంటాయి, అవీ ఉండకూడదు. నేను సంతకం పెట్టి పంపానా, ఏడాదికోసారి వాళ్ళ మనిషొచ్చి చూస్తాడు. నా దగ్గర ఆరుగురు పనిచేస్తున్నారండీ." అతను వెర్లిన్ వైపు చూడలేకపోయాడు. "రేపు సాయంత్రంలోగా ఆలోచించుకుని చెప్పండి. పెట్టె వద్దంటే విమానం అలాగే తీసుకెళ్ళిపోండి. కట్ట మీద చెయ్యెయ్యను."

పెట్టె కావాలంటే కట్ట పోవాలి. కట్ట కావాలంటే అర్డిస్‌కి ఇచ్చిన మాట పోవాలి, లేదా జన్మలో ఎగరకూడదు. వేరే కంపెనీ పెట్టె తెచ్చి తనే బిగించుకుందామన్నా, దాని మూతికి ఈ వైర్లు సరిపోవు. అప్పుడూ కట్ట కోయాల్సిందే.

మర్నాడు మధ్యాహ్నం వెర్లిన్ శ్మశానానికి వెళ్ళాడు. మంచు మోకాలి దాకా ఉంది. దాని కింద నేల రాయిలా గడ్డకట్టింది. ఆరడుగుల లోతులో, ఆమె చేతుల కింద, ఎనిమిది మడతల కాగితం. మూడు అంకెలు. పాస్టర్‌తో మాట్లాడితే, ఎవరినో ఒకరిని పిలిపించి తవ్విస్తే, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. పక్క సమాధి లొవెల్‌ది. ఇరవై ఏడేళ్ళకే పోయినట్టు రాయి మీద ఉంది.

"ఏం చెయ్యమంటావే?" అన్నాడు. ఏడుపొచ్చేసింది. చలికి బుగ్గల మీదే కళ్ళనీళ్ళు బిగుసుకుపోయాయి.

ఆమె ఉంటే ఏమనేదో అతనికి తెలుసు. వైర్లు పోతే పోయాయి, నువ్వు మబ్బుల్లో పోకు అనేది. అది తెలిసినందుకే మరీ ఏడ్చాడు. ఇంటికొచ్చి నోలన్‌కి ఫోను చేసి, "తీసెయ్" అన్నాడు. ఇంకేం చెప్పకుండా పెట్టేశాడు.

*

పన్నెండు రోజులకి నోలన్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "పని అయిపోయింది. మీరొక్కసారి రావాలి. ట్రైలరు లేకుండా, ఊరికే రండి."

గార్లండ్ కారు నడిపాడు. 

ప్యానెల్ మధ్యలో పెట్టె వెలుగుతోంది. నీలం బొత్తాం నీలంగానే ఉంది. దాని కింద కొత్త వైర్లు, వాటికి నల్లటి ప్లాస్టిక్ ట్యాగులు, చక్కగా, దేనికీ పేరు పెట్టలేనంత చక్కగా ఉన్నాయి. గోడ పక్కన బల్ల మీద పాత కట్ట. నోలన్ దాన్ని చెత్తలో వేయలేదు. తెల్లటి గుడ్డ పరిచి దాని మీద బారుగా పెట్టాడు. కోసిన దారం ముడులన్నీ ఏరి ఒక సీసాలో పోశాడు. మూడు వందల పైచిలుకు ఉంటాయి. వాటి మధ్యన ఎర్ర ఉన్ని పోగు కూడా ఉంది.

"ఇది కాదు నేను చూపించాలనుకుంది" అన్నాడు నోలన్. "కట్ట కోసి తీశాక ఆ మూడు వైర్లు మిగిలాయి. వాటిని బయటికి లాగాలంటే నేల పలక తియ్యాలి. తీశాను. అవి కింద నుంచి మీ సీటులోకి పోయాయి."

ఎడమ వైపు సీటు, వెర్లిన్ కూర్చునే సీటు, విడిగా బల్ల మీద ఉంది. సీట్ల తొడుగులు కుట్టింది కూడా అర్డిసే. నోలన్ వీపు ఆనే చోట కుట్టు ఒక్కటి విప్పి, లోపల్నుంచి చదరంగా ఉన్న గుడ్డ ఒకటి బయటికి తీశాడు. వెర్లిన్ దాన్ని గుర్తుపట్టాడు. తన పాత గళ్ళ చొక్కా. రెండు పొరలుగా కుట్టి, మధ్యలో కరెంటుకి వేడెక్కే సన్నటి తీగని పాములా మెలికలు తిప్పి, ప్రతి మెలిక దగ్గరా టాకా వేసింది. దాని అంచు నుంచి మూడు తెల్ల వైర్లు వేలాడుతున్నాయి. మూలన చిన్న గుడ్డ పేలిక మీద చెరిగిపోని సిరాతో రాసి ఉంది.

62, 63, 64. వెర్లిన్ నడుముకి.

గార్లండ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీటరు పెట్టి చూశాను. చక్కగా పనిచేస్తోంది. ప్యానెల్ మీదున్న స్విచ్ దీనిదే" అన్నాడు నోలన్.  "ఇవి వాడుకలో ఉన్న వైర్లండీ. ఆ పలక తీసి చూసి, ఇదే రాసుంటే..."

మిగతాది మింగేశాడు. మింగినా ఒకటే, మింగకపోయినా ఒకటే. నలభై రివెట్లు తీయడానికి మనసొప్పక వెర్లిన్ అరవై నాలుగు వైర్లు పోగొట్టుకున్నాడు. ఆ నలభై రివెట్లూ కూడా మిగల్లేదు. ఆమె పని ఆమెతోనే ఉండాలని కాగితం పాతిపెట్టాడు. అందులో ఈ సీటు కూడా గీసే ఉంటుంది. ఒక్క మడత విప్పి ఉంటే కనిపించేది. మందుల మత్తులో పొరపాటు పడి ఉంటుందని అనుకుని, వాడుకలో లేవని తన చేత్తో తను రాశాడు. ఆమె ఏమో అదే మందుల మత్తులో, అతని చొక్కా చింపి, అతని నడుం కోసం టాకాలు వేసుకుంటూ కూర్చుంది. వెర్లిన్ అక్కడే ఉన్న డబ్బా మీద కూలబడ్డాడు.

"పొరపాటు నాదే గార్లండ్" అన్నాడు. "ఆవిడది కాదు."

"తెలుసురా" అన్నాడు గార్లండ్ గోడతోనే. 

వెర్లిన్ ఆ గుడ్డని చేతిలోకి తీసుకుని అడిగాడు. "దీన్ని మళ్ళీ తగిలించాలంటే మీ రూలు ఒప్పుకోదేమో?"

"ఇది మా పెట్టెకి తగలదు. మా కట్టకీ తగలదు" అన్నాడు నోలన్. "దీనికి డీలరు అక్కర్లేదండీ. విమానం మీరు కట్టుకున్నారు. మీరే వేసుకోవచ్చు."

*

జనవరిలో విమానం షెడ్డుకి తిరిగొచ్చింది. రెక్కలు బిగించాక, వెర్లిన్ అర్డిస్ ప్లయర్లూ, మైనపు దారం ఉండా ముందేసుకుని కూర్చున్నాడు. మూడు వైర్లకి ఆరు రోజులు పట్టింది. ఆమె ముడి అతనికి పడలేదు. ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి తిరిగింది. కొన్ని జారిపోయాయి. ఆమె చూస్తే కడుపుబ్బ నవ్వేది. నేల పలకకి నలభై రివెట్లూ మళ్ళీ కొట్టాడు, అవతల దిమ్మ గార్లండ్ పట్టుకున్నాడు. ఈసారి వరస తిన్నగా వచ్చింది. ఆ తిన్నటి వరస చూడలేక వెర్లిన్ దాని మీద చాప పరిచేశాడు.

ఏడో రోజు పొద్దున ఆకాశం మబ్బు తునక లేకుండా ఉంది. రన్‌వే మీద మంచు ఊడ్చేశారు. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద చలి. గార్లండ్ షెడ్డు తలుపులు బార్లా తీసి, "నేనెళ్ళి రన్‌వే చివర నుంచుంటా. పడితే ఏరుకోడానికి ఒకడు ఉండాలిగా" అని వెళ్ళిపోయాడు.

వెర్లిన్ నడుం పట్టుకుని ఎక్కి, ఎడమ సీట్లో కూర్చున్నాడు. పెట్టె వెలిగించాడు. అది దారి అడిగింది, ఎక్కడికి పోవాలో చెప్పమంది. అతను దానికేమీ చెప్పలేదు. ఎడమ అంచున, కింద, పేరు లేని స్విచ్ వెతికి పైకి ఎత్తాడు.

ముందు ఏమీ తెలియలేదు. తన ముడుల్లోనే ఏదో తేడా వచ్చిందనుకున్నాడు. కాసేపటికి నడుం దగ్గర, సరిగ్గా నొప్పి ఉండే చోట, అరచేయంత వెచ్చదనం మొదలైంది. అంగుళం అటూ కాదు, అంగుళం ఇటూ కాదు. ఏళ్ళ తరబడి గోధుమల సంచి పెట్టిన చేతికి ఆ చోటు తెలుసు. వెచ్చదనం మెల్లగా వీపంతా పాకింది. వెర్లిన్ సీటుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. 

పక్క సీటు ఖాళీగా ఉంది. దాని బెల్టు ఆమె మడిచి పెట్టినట్టే ఉంది.

"బాగుంది" అన్నాడు. తనకే వినపడలేదు. మళ్ళీ అన్నాడు, సగం చెవుడున్న మనిషికి కూడా వినపడేంత గట్టిగా. "చాలా బాగుంది అర్డిస్."

రన్‌వే చివర గార్లండ్ చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ చాలాసేపు చూశాడు. వెర్లిన్ తొందరేం లేనట్టు ఇంకా సీటుకి ఆనుకునే ఉన్నాడు. షెడ్డులోంచి ఇంజను చప్పుడు రాలేదు.